తప్పు గడిలో ముద్ర

ఆత్రేయపురం నుంచి రాజమండ్రి దాకా ఉన్న ప్రతి గుంతా సూర్యకళకు తెలుసు. వారానికి మూడుసార్లు మారుతీ వ్యాన్ వెనక పూతరేకుల పెట్టెలు పేర్చుకుని, కాలవగట్టు మీద ఎదురొచ్చే ఇటుకల లారీలకు దారిస్తూ, అవసరమైన చోట దారి తీసుకుంటూ, పది గంటలకల్లా స్వీటు షాపుల్లో సరుకు దింపేది. పదేళ్ళుగా ఇదే పని. రేకులు నలిగాయని ఒక్క పెట్టె కూడా వెనక్కి రాలేదు. పూతరేకు ఎంత సుకుమారమో తెలిసినవాళ్ళకు ఆమె డ్రైవింగు గురించి వేరే చెప్పక్కర్లేదు.

భర్త ఉదయభాస్కర్ స్టీరింగు ముట్టుకోడు. కొత్తగా కొన్న కారు ఒకసారి లాకుల దగ్గర అతని చేతిలో అదుపు తప్పి కాలవలో పడింది. దెబ్బలేవీ తగల్లేదు గాని, నీళ్ళు గుండెల దాకా వచ్చినా తలుపు తెరుచుకోలేదు. చేలో ఊడుపులు చేస్తున్న కూలీలు పరుగెత్తుకొచ్చి అద్దం పగలగొట్టి బయటికి లాగారు. ఆ నెలలోనే కారు అమ్మేశాడు. తర్వాత సరుకు కోసం వ్యాన్ కొన్నప్పుడు డ్రైవరును పెట్టుకునే స్తోమతు లేక సూర్యకళే నేర్చుకుంది. మీవారు తోలరేంటండీ అని ఎవరైనా అడిగితే, పొలం పనులతో ఆయనకి తీరికెక్కడుందండీ అనేది. భర్త పిరికివాడని నలుగురూ అనుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

రాజమండ్రిలో డాక్టర్ ప్రసన్నకుమారి గారు ప్రతి పండక్కీ పెట్టెలు తీసుకునేవారు. 2005 దసరాకు సూర్యకళ పెట్టెలు ఇవ్వడానికి వెళితే ఆవిడ న్యూజిలాండ్ ఫోటోలు చూపించారు. నీలంరంగు చెరువు ఒడ్డున తెల్లటి పెద్ద వ్యాన్. లోపల గ్యాసు పొయ్యి, మంచాలు, బాత్‌రూము. ముందు మాత్రం మామూలుగానే స్టీరింగు, మన బండికి ఉన్నట్టే కుడిచేతి వైపు. అద్దెకిస్తారట. ఎక్కడ ఆగితే అదే ఇల్లు. ఇది తోలింది ఎవరండీ అని సూర్యకళ అడిగింది. నేనే, అన్నారు డాక్టరు గారు.

ఆ మాట సూర్యకళ మనసులోంచి పోలేదు. పిల్లల చదువులు అయిపోయాయి. వ్యాపారంలో కొంత వెనకేసింది. నలభై నాలుగేళ్ళు వచ్చినా తిరుపతి తర్వాత తను చూసిన దూరం హైదరాబాదే. పైగా ఇన్నేళ్ళూ తోలింది ఎవరి పెళ్ళికో, ఎవరి షాపుకో సరుకు చేరవేయడానికి. తన కోసం తను బండి తోలుకుంటూ పోవడం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఉదయభాస్కర్ మొదట నవ్వేశాడు, తర్వాత సరేనన్నాడు. అతని అక్క అచ్చాయమ్మ, భర్త పోయాక వీళ్ళ దగ్గరే ఉంటున్న మనిషి, ఆ ఇల్లుబండిలో వంట నేను చేస్తాను, నన్నూ తీసుకెళ్ళండి అంది. ఫిబ్రవరి నెలాఖరుకు ఎనిమిది రోజుల ప్రయాణం అనుకున్నారు.

రాజమండ్రిలో టికెట్లు, వీసాలు చూసే రాజరత్నం గారు కంప్యూటరు ముందు కూర్చుని బండి కంపెనీ వాళ్ళ ఫారం నింపడం మొదలుపెట్టారు.

"సార్ పేరు మెయిన్ డ్రైవరుగా వేసేస్తానండి. మేడమ్ గారిది రెండో డ్రైవరుగా ఉంటుంది. దారిలో సార్ అలిసిపోతే మీరు కాసేపు తోలొచ్చు."

సూర్యకళ భర్త వైపు చూసింది. అతను తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తున్నాడు. ఈయన తోలరండీ, నేనే తోలతాను అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పరాయి మనిషి ముందు ఎందుకులే అని మింగేసింది. ఎవరి పేరు ముందుంటే ఏం, తోలేది తనే కదా అనుకుంది.

విదేశాల్లో తోలడానికి ఇద్దరికీ అంతర్జాతీయ పర్మిట్లు కావాలన్నారు రాజరత్నం గారు. ముఖ్యంగా సూర్యకళ లైసెన్సు పాతకాలం పుస్తకం, అంతా తెలుగులో చేత్తో రాసి ఉంది, పర్మిట్ లేకపోతే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఉదయభాస్కర్ లైసెన్సును బ్రోకరు ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించి, ఇంగ్లీషు అక్షరాల కార్డు కూడా తెచ్చిపెట్టాడు. అతని పర్మిట్టుకూ ఆ బ్రోకరే కాగితాలు పట్టుకొచ్చాడు. ఉదయభాస్కర్ అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ రెండు సంతకాలు పెట్టాడు. మర్నాడు సాయంత్రానికి పర్మిట్ ఇంటికి వచ్చేసింది.

సూర్యకళకు మాత్రం రవాణా ఆఫీసులో కాళ్ళరిగాయి. మొదటిరోజే గుమస్తా ఆమె లైసెన్సునూ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"లైసెన్సులో యాభై ఎనిమిదిలో పుట్టారు, పాస్‌పోర్టులో అరవై ఒకటిలో పుట్టారు. ఏ సంవత్సరంలో పుట్టినావిడకి ఇమ్మంటారండీ పర్మిట్టు?"

లైసెన్సులో తప్పు రాసింది ఆ ఆఫీసువాళ్ళే. ఆ మాటంటే, రాసిన ఆయన రిటైరైపోయాడన్నాడు. స్కూలు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు. తెచ్చింది. దాని మీద గెజిటెడ్ సంతకం లేదన్నాడు. పెట్టించింది. తర్వాత కళ్ళ పరీక్ష కాగితం అడిగాడు. అదీ తెచ్చాక, పుట్టిన సంవత్సరం మార్చాలంటే కొత్త కార్డే ఇవ్వాలి, కార్డుల మిషను పాడైంది, బాగయ్యాక రండి అన్నాడు. మిషను మూడు వారాలు బాగుపడలేదు. చివరికి పాత పుస్తకంలోనే ఎర్ర సిరాతో దిద్ది సీలు వేశారు. వెళ్ళిన ప్రతిసారీ ఆ గుమస్తా, సార్‌కి పర్మిట్ వచ్చేసింది కదండీ, ఇంకా మీకెందుకండీ ఈ శ్రమ అనేవాడు. ఒకరోజు ఆమె వ్యాన్ ఆఫీసు గేటుకు అడ్డంగా ఉందని అతనే వచ్చి, మీ డ్రైవర్ని పక్కకి తీయమనండి అన్నాడు. ఆమె తాళాలు తీసుకుని వెళ్ళి తనే తీసింది. ఆ ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగింది. అంతటి ఓర్పు గల మనిషీ ఇంటికొచ్చి చాపలూ చీపుళ్ళూ విసిరికొట్టడం అచ్చాయమ్మ చూసింది.

రైలు రేపనగా, సాయంత్రం ఆఫీసు మూసే వేళకు పర్మిట్ చేతికొచ్చింది. బూడిదరంగు అట్ట పుస్తకం. సూర్యకళ తన ఫోటో చూసుకుంది. పేరు మూడుసార్లు చదువుకుంది. పుట్టిన సంవత్సరం అరవై ఒకటే. హమ్మయ్య అని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మిగతా పేజీలు తిప్పి చూడాలన్న ఆలోచన రాలేదు. చూడాల్సినదంతా చూశాననే అనుకుంది.

మూడు విమానాలు మారి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో దిగేసరికి అక్కడ శుక్రవారం మధ్యాహ్నం దాటింది. ఎయిర్‌పోర్టులో అచ్చాయమ్మ సంచి విప్పించి, ఆవకాయ జాడీ, పచ్చళ్ళు, వడియాలు అన్నీ పారేయించారు. అచ్చాయమ్మ చావుకబురు విన్నట్టు కూలబడింది. సూర్యకళ అదీ పట్టించుకోలేదు. బండ్ల కంపెనీ ఆవరణలో వరసగా నిలబెట్టిన తెల్లటి ఇల్లుబండ్లు ఆమెకు దూరం నుంచే కనిపించాయి.

కౌంటరు వెనక తెల్లజుట్టు పెద్దావిడ, మెళ్ళో గొలుసుకు కళ్ళజోడు. ఉదయభాస్కర్ కాగితాలు చూసి పక్కన పెట్టింది. సూర్యకళ లైసెన్సు పుస్తకం తిరగేసి చూసి, నవ్వి, తలూపి పర్మిట్ తీసింది. దాని వెనక పేజీ దగ్గర ఆగిపోయింది. తర్వాత పుస్తకాన్ని సూర్యకళ వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

అక్కడ బండ్ల రకాలకు వరసగా గడులున్నాయి. మొదటి గడి మోటారు సైకిలుది. అందులో నీలం సిరాతో గుండ్రటి ముద్ర, ఒక్క అక్షరం చెదరకుండా పడి ఉంది. కార్ల గడి ఖాళీ.

సూర్యకళ పుట్టి బుద్ధెరిగాక మోటారు సైకిలు తోలలేదు. వెనక ఎక్కాలన్నా చీర చక్రంలో పడుతుందేమోనని భయపడేది. తనకొచ్చిన ఇంగ్లీషులో ఇది పొరపాటని చెప్పింది. పదేళ్ళుగా తోలుతున్నానని చెప్పింది. లైసెన్సు పుస్తకంలో తెలుగు లైను మీద వేలు పెట్టి చదివి వినిపించింది. పెద్దావిడ ఓపిగ్గానే విన్నది. ఏం చేయమంటారు, ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు, లైసెన్సును గుర్తింపు ఉన్న అనువాదకుల చేత ఇంగ్లీషు చేయించి తెస్తే ఇస్తాను, కాని రేపు శనివారం, సోమవారం దాకా ఆఫీసులు ఉండవు, అసలు తెలుగు తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారో లేదో అంది. తర్వాత ఉదయభాస్కర్ వైపు చూసి, మీవారి కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, ఆయన తోలవచ్చు అని నవ్వింది.

సూర్యకళ ఫోను చేసి రాజరత్నం గారిని నిద్రలేపింది. ఆయన అంతా విని, ఎంత పని జరిగిందండీ అని బాధపడి, చివరికి తేల్చేశారు.

"అయినా సార్ ఉన్నారు కదండీ. సార్ తోలేస్తారు."

సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. భార్యను పక్కకు పిలిచి, వదిలేద్దాం, బస్సులో తిరుగుదాం అన్నాడు. బండి తీసుకోకపోతే కట్టిన అద్దె తిరిగిరాదని ఫారంలోనే ఉంది. సూర్యకళకు కోపం నషాళానికెక్కింది. ఆ గుమస్తా ఎదురుగా ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. అతను అక్కడ లేడు, భర్త ఉన్నాడు.

"సంతకం పెట్టండి," అంది. "నేను పదకొండుసార్లు తిరిగాను. బస్సెక్కడానికి కాదు."

అతను సంతకం పెట్టాడు.

ఆవరణ దాటేలోగా ఇంజను మూడుసార్లు ఆగిపోయింది. ఊళ్ళోంచి బయటపడేసరికి అతని చొక్కా వీపంతా తడిసింది. రోడ్డు ఎంత నున్నగా ఉందంటే, దాని మీద పూతరేకుల్ని పెట్టెలో కాదు, పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళవచ్చు. అలాంటి రోడ్డు మీద ఉదయభాస్కర్ ముప్ఫై దాటలేదు. వెనక కార్లు పెళ్ళి ఊరేగింపులా బారులు తీరాయి. పక్క సీట్లో సూర్యకళ కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. గేరు మార్చండి అంటుంది, ఇంజను మూలుగుతోంది మూడోది వెయ్యండి అంటుంది. నువ్వు మాట్లాడకు, నాకు చేతులాడటం లేదు అంటాడతను. వెనక సీట్లో అచ్చాయమ్మ పట్టిసీమ వీరభద్రుడికి మొక్కుకుంటోంది. చివరికి ఒక పోలీసాయన బండి ఆపించి, వెనకవాళ్ళకు దారి ఇవ్వండి బాబూ అని మర్యాదగా చెప్పి వెళ్ళాడు.

మూడున్నర గంటల్లో చేరాల్సిన టెకాపో చెరువుకు మూడో రోజు చేరారు. సూర్యకళ రెండు నెలల పాటు మ్యాపు మీద పెన్సిలుతో గీసుకున్న దారిలో ఇంకా కొండలున్నాయి, మంచునదులున్నాయి, పడమటి సముద్రం ఉంది. కొండదారులు నావల్ల కాదని ఉదయభాస్కర్ అనేశాడు. ఆమె మ్యాపు మడిచి సొరుగులో పెట్టేసింది. చెరువు డాక్టరు గారి ఫోటోలో ఉన్నంత నీలంగానూ ఉంది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుందే గాని, ఏ మాత్రం సంతోషం కలగలేదు.

తోలడం తప్ప బండికి సంబంధించిన పనంతా ఆమెదే అయింది. ఆగిన ప్రతిచోటా కరెంటు తీగ తగిలించాలి, నీళ్ళ ట్యాంకు నింపాలి, గ్యాసు చూసుకోవాలి, మడతమంచాలు పరిచి మళ్ళీ బల్లలు చేయాలి. అన్నిటికన్నా, బాత్‌రూము కింద ఉండే దొడ్డి డబ్బాను రెండు రోజులకోసారి బయటికి లాగి, మోసుకెళ్ళి, అందుకోసం కట్టిన తొట్టిలో పారబోసి కడుక్కురావాలి. మొదటిసారి ఉదయభాస్కర్ మూత తీసి, వాంతి వస్తోందని వెనక్కి వచ్చేశాడు. ఇక అది కూడా ఆమె మెడకే చుట్టుకుంది.

నాలుగో రోజు నుంచి అతనికి భయం తగ్గింది. యాభైకి వెళ్ళాడు, తర్వాత డెబ్భైకి. అయిదో రోజున ఈల వేశాడు. బండ్లు ఆపుకునే మైదానంలో పక్కనున్న జర్మనీ ఆయనతో చేతులు ఊపుతూ గేర్ల గురించి మాట్లాడాడు. పదేళ్ళుగా వంగిపోయిన మనిషి నిటారుగా నడుస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. వేరే రోజైతే ఆమె సంతోషించేదే. ఇప్పుడు మాత్రం ఆ ఈల వినబడ్డప్పుడల్లా పళ్ళు కొరుక్కుంది.

ఆరో రోజు ఉదయం అతను కార్డు కొని ఫోను బూత్ నుంచి ఆత్రేయపురంలో తన స్నేహితుడు అప్పాజీతో మాట్లాడాడు. సూర్యకళ పక్క కుళాయి దగ్గర నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. నేనేరా, నేనే తోలుతున్నా, ఇంత పెద్ద బండి, అంతా నేనే అన్న మాటలు చెవిన పడ్డాయి. అతను హుషారుగా వచ్చి, మైదానమంతా ఖాళీగా ఉంది, ఎవరూ లేరు, నువ్వూ రెండు రౌండ్లు కొట్టు, సరదా తీరుతుంది అని తాళాలు చాపాడు.

ఆమె గొట్టం కింద పడేసింది.

"రెండు రౌండ్లు కొట్టడానికా నేను ఇంత దూరం వచ్చింది? అదేదో మన కళ్ళంలో కొట్టేదాన్ని కదా."

"అది కాదు సూర్యకళా, నీకు బాధగా ఉందని..."

"అప్పాజీ గారితో ఏం చెప్పారు?"

"నేను తోలుతున్నానని చెప్పాను. అబద్ధం కాదుగా?"

"కాదు. ఆయనకి తీరిక లేదండీ అని పదేళ్ళుగా నేను చెప్తున్నదే అబద్ధం. మీకు భయమన్న మాట ఒక్కరి ముందైనా అన్నానా? రాజరత్నం గారు మీ పేరు రాస్తుంటే మీరు ఫ్యాను చూస్తూ కూర్చున్నారు. నాకు చేతకాదండీ, మా ఆవిడే తోలుతుంది అని ఒక్క మాట అని ఉంటే, నా కాగితం మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టేవాడాయన. ఆ గుమస్తా కూడా పెట్టేవాడు. అందరికీ మీరున్నారన్న ధీమాయే."

ఉదయభాస్కర్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

"అందామనే అనుకున్నాను," అన్నాడు. "నోరు పెగల్లేదు."

బండి మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అచ్చాయమ్మ తలెత్తకుండానే అంది.

"నువ్వూ అనలేదుగా అమ్మాయ్."

ఆ మాట నిజం కావడమే సూర్యకళను ఇంకా మండించింది. గొట్టం తీసి ట్యాంకు నింపింది. మూత బిగించింది. మర్నాడు తిరుగుదారిలో ఊళ్ళు లేని చోట ఉదయభాస్కర్ బండి పక్కకు ఆపి, కావాలంటే ఇక్కడి నుంచి నువ్వే తోలు, ఎవరు చూస్తారు అన్నాడు. వద్దంది. పదేళ్ళలో ఒక్కసారి కూడా పోలీసు ముందు తల దించుకోలేదు, ఇక్కడికొచ్చి దొంగలా తోలనంది. అతను మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. ఈల వేయలేదు.

ఎనిమిదో రోజున బండి అప్పగించారు. తెల్లజుట్టావిడ చుట్టూ తిరిగి చూసి, ఎక్కడా గీత కూడా లేదని మెచ్చుకుని, ఉదయభాస్కర్‌కు చెయ్యి కలిపింది. మీరు మంచి డ్రైవరు అంది. అతను ఆమె చెయ్యి వదలకుండా కాసేపు ఇంగ్లీషు మాటలు కూడబలుక్కున్నాడు.

"నో మేడమ్. మై వైఫ్ ఈజ్ డ్రైవర్. ఐ యామ్ ఓన్లీ స్టాంప్."

ఆవిడకు అర్థం కాలేదు, నవ్వి ఊరుకుంది. సూర్యకళకు అర్థమైంది. అయినా ఆమెకు నవ్వు రాలేదు. ఆ మాట రెండు నెలల కిందట, రాజమండ్రిలో, తెలుగులో అని ఉంటే సరిపోయేది. ఎయిర్‌పోర్టులో కూర్చున్నాక మాత్రం, కాఫీ తాగుతారా అని తనే అడిగింది. రెండు రోజుల్లో ఆమె భర్తతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

ఇంటికొచ్చిన మర్నాడు సాయంత్రం అప్పాజీ, మరో నలుగురూ కబుర్లు వినడానికి వచ్చారు. ఉదయభాస్కర్ చెరువు గురించి చెప్పాడు, గొర్రెల మందల గురించి చెప్పాడు. డ్రైవింగు సంగతి చెప్పరా అని అప్పాజీ అడిగాడు. సూర్యకళ లోపల ప్లేట్లలో జంతికలు పెడుతోంది. చెయ్యి ఆగింది.

ఉదయభాస్కర్ గొంతు సవరించుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. కాలవలో పడ్డాక తనకు స్టీరింగు చూస్తేనే ఒళ్ళు వణికేదని, అందుకే వ్యాన్ భార్యకు వదిలేశానని, అక్కడ ఆమె కాగితంలో ముద్ర తప్పు పడకపోతే తాను చచ్చినా తోలి ఉండేవాణ్ణి కాదని. పదేళ్ళుగా దాచిన సంగతి బయటపెట్టాక ఏమంటారోనని అందరి ముఖాలూ చూశాడు.

"ఆ సంగతి ఊళ్ళో తెలియనిదెవరికిరా?" అన్నాడు అప్పాజీ, గుమ్మంలోకి వచ్చిన జంతికల ప్లేటు కోసం చెయ్యి చాపుతూ. "నిన్ను కాలవలోంచి లాగింది మా కూలీలేగా. సూర్యకళ గారు నీకు తీరిక లేదని చెప్పినప్పుడల్లా, పాపం మొగుణ్ణి ఎంత బాగా వెనకేసుకొస్తోందో అనుకునేవాళ్ళం."

ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సూర్యకళకు ఆ క్షణంలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తోచలేదు. పదేళ్ళు కాపు కాసిన గుట్టు గుట్టే కాదు. ప్లేటు అప్పాజీ ముందు పెట్టి, అయితే ఆ రాజరత్నం గారికి ఒక్కరికే తెలియదన్నమాట అంది. అందరూ నవ్వారు. ఆమె ఆ నవ్వులో కలవకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి తప్పు ముద్ర చూపించింది. గుమస్తా పుస్తకం అటూ ఇటూ తిప్పి, తీసుకునేటప్పుడే చూసుకోవాలి కదండీ, ఇప్పుడు మార్చడం కుదరదు, మళ్ళీ అప్లై చెయ్యండి అన్నాడు. ఆమె అక్కడే నిలబడి కొత్త ఫారం నింపింది. నలభై రోజులకు రెండో పర్మిట్ వచ్చింది. కిటికీ దగ్గరే నిలబడి ప్రతి పేజీ తిప్పి, గడులన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూసింది. వెనక వరసలోవాళ్ళు త్వరగా కానివ్వండమ్మా అని విసుక్కున్నా కదల్లేదు. ఈసారి ముద్ర కార్ల గడిలోనే ఉంది.

ఆ పర్మిట్ గడువు ఏడాది. ఆ ఆగస్టులో గోదావరి పొంగి లంకలు మునిగాయి, ఉదయభాస్కర్ పొలంలో ఇసుక మేట వేసింది. ప్రయాణానికి దాచుకున్న డబ్బు అటే పోయింది. ఏడాదిలో ఎక్కడికీ వెళ్ళడం పడలేదు. గడువు తీరిన వారమే సూర్యకళ రాజమండ్రిలో సరుకు దింపేసి, అటునుంచి అటే ఆ ఆఫీసుకు వెళ్ళి మళ్ళీ ఫారం తీసుకుంది. ఈసారి ఏ దేశమండీ అని గుమస్తా అడిగాడు. ఇంకా అనుకోలేదు, ముందు మీరు కాగితం ఇవ్వండి అంది.